పల్చటి అద్దం

పడుకోబెట్టి తీసుకెళ్ళాలా, నిలబెట్టి తీసుకెళ్ళాలా అన్న దగ్గర తల్లీకొడుకులకు పేచీ వచ్చింది.

ఆస్పత్రి వాకిట్లో అద్దాల ట్రాలీ ఆగి ఉంది. మూడు చక్రాల బండి. వెనక తొట్టిలో ఇంటికప్పులా రెండు వైపులకూ వాలిన చెక్క చట్రం, దానికి పాత దుప్పట్లతో కుట్టిన మెత్త. అద్దాలను ఆ చట్రానికి ఆనించి పట్టీలు బిగించి ఊరంతా తిప్పుతారు. ఆ పూట అద్దాలేమీ లేవు. తల్లి పొద్దున్నే ఇంట్లో ఉన్న పరుపులన్నీ మోసుకొచ్చి తొట్టిలో పరిచింది.

"పడుకోబెట్టే తీసుకెళ్దాంరా. కదలకుండా ఉంటుంది," అంది.

"పడుకోబెట్టిన అద్దం సగం దారిలోనే పగులుతుంది. ఇన్నేళ్ళు కొట్టు నడిపావు, నీకు తెలీదా? నిలబెట్టిందే ఇల్లు చేరుతుంది," అన్నాడు కొడుకు.

"అది అద్దంరా సన్నాసీ! ఇది పిల్ల!"

"గుంతలో పడితే రెండూ ఒకటే."

అతనికి వీధిలో 'జాగ్రత్త' అని పేరు. అద్దం భుజాన ఎత్తుకున్నాడంటే అడుగడుక్కీ "జాగ్రత్త! జాగ్రత్త!" అని కేకేస్తూ నడుస్తాడు. మిగతా వేళల్లో నోట్లో మాట ఉండదు. అలాంటివాడు తల్లితో ఇన్ని మాటలు మాట్లాడటం చూసి, ఆస్పత్రి మెట్ల మీద నిలబడ్డ కోడలికి నవ్వు రావాల్సింది. రాలేదు. ఆమె బాధ ఆమెది.

ఇందాక లోపల గదిలో డాక్టరమ్మ తెర మీద చూపించింది. నల్లటి మసకలో తెల్లగా ఒక చుక్క. "అదిగో, పెట్టేశాం," అంది. ఆస్పత్రి ఫ్రీజరులో మంచులో దాచిన పిండాల్లో మిగిలింది అదొక్కటే. కిందటిసారి పెట్టింది నిలవలేదు. ఇది నిలవకపోతే మళ్ళీ మొదటినుంచీ మొదలుపెట్టాలి. ఆ ఇంజెక్షన్లు, ఆ మత్తు, ఆ ఎదురుచూపు మరోసారి పడే ఓపిక ఈ ఒంటికి ఉందో లేదో ఎవరూ పైకి అనడం లేదు.

చుక్క చూసిన దగ్గర్నుంచీ ఆమె ఊపిరి కూడా పొదుపుగా పీలుస్తోంది. తుమ్ము వస్తే మింగింది. పైగా తెరమీద బాగా కనబడాలని ముందుగా కడుపునిండా నీళ్ళు తాగించారు. అవి ఇప్పుడు ప్రాణం తోడేస్తున్నాయి. అయినా పంటి బిగువున ఓర్చుకుంది.

నర్సు బయటికొచ్చి మొహం చూడగానే పసిగట్టింది. ఆ నర్సుది వీళ్ళ వెనకవీధే. ఆస్పత్రి నుంచి ఇంటికెళ్తూ చుట్టుపక్కల ఇళ్ళలో ఇంజెక్షన్లు చేసి వెళ్తుంది. అందుకని అందరూ 'సూదమ్మ' అంటారు.

"ఇంకా వెళ్ళలేదా తల్లీ?"

"వెళ్తే... దాంతోపాటు..."

"ఏం పోదు. అది మూత్రం సంచి, ఇది గర్భసంచి. రెండిళ్ళకీ గుమ్మాలు వేరు." సూదమ్మ ఆమె రెక్క పట్టుకుని నడిపించింది. "తడిపిన పిండిముద్దలో ఆవగింజ అదిమి చూశావా ఎప్పుడైనా? ముద్దని బోర్లించు, గోడకేసి కొట్టు, ఆవగింజ రాలదు. తుమ్ము, దగ్గు, నవ్వు. మీ అత్తగారి మీద కోపమొస్తే అరువు. బరువులెత్తకు, వేడివేడి నీళ్ళలో కూచోకు, మందులు వేళకి వాడు. మిగతాదంతా మామూలే."

కోడలు తలూపింది. తలకెక్కింది కానీ ఒంటికి ఎక్కలేదు.

తిరిగొచ్చేసరికి తల్లీకొడుకులు రాజీపడ్డారు. పడుకోవద్దు, నిలబడొద్దు. పరుపు మీద కూర్చుని చట్రానికి ఒరగాలి. ఒరిగాక, నిలువుటద్దానికి బిగించే మెత్తటి పట్టీని భర్త ఆమె భుజాల మీదుగా, కడుపుకి తగలకుండా వేసి, ముడి వేసి, లాగి చూసి, మళ్ళీ వదులు చేశాడు. అత్త పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. బండి కదిలింది. నడిచేవాళ్ళు దాటి వెళ్ళిపోతున్నారు. ఒక ముసలాయన చేతికర్ర తాటించుకుంటూ దాటి వెళ్ళిపోయి, వెనక్కి తిరిగి జాలిగా చూశాడు.

వీధి మొదట్లో టీ కొట్టతను అరిచాడు. "ఏం జాగ్రత్తన్నా, అంత నెమ్మది? ఏం అద్దం తెస్తున్నావ్? కనపడట్లేదే!"

"పల్చటిది," అన్నాడు జాగ్రత్త, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

*

కింద కొట్టు, పైన ఇల్లు. మెట్లు ఎక్కకూడదని కొట్టు వెనక గదిలోనే మంచం వేశారు. ఆ గది నిండా అద్దాలు. అమ్ముడుపోనివి, చట్రం కట్టాల్సినవి, అంచు నూరాల్సినవి. ఎటు తిరిగినా మంచం మీద ఒక మనిషి కనబడుతుంది. ఎన్నాళ్ళుగానో ఆమె ఆ మనిషి వంక చూడటం మానేసింది. అద్దాల కొట్టు కోడలికి అద్దం చూడకుండా బతకడం అంటే చేప నీళ్ళు తాకకుండా ఈదడమే. అయినా అలవాటు చేసుకుంది. పాపిడి కూడా తడుముకునే తీసుకునేది.

అత్త ఆమెని చెంబు కూడా ఎత్తనిచ్చేది కాదు. కంచం మంచం మీదికే వచ్చేది. పక్కకి తిరగాలంటే అత్త వచ్చి నడుము కింద చెయ్యి వేసేది. కొట్లోకి ఎవరైనా గట్టిగా మాట్లాడుతూ వస్తే గుమ్మంలోనే ఆపేసేది. "నెమ్మదిగా అడుగు నాయనా. అద్దం కొంటానికొచ్చావా, పగలగొట్టటానికొచ్చావా?" భర్త అద్దాలు కోసే బల్లని వీధి అరుగు మీదికి మార్చేశాడు, ఆ కీచుమనే చప్పుడు వెనక గదిలోకి రాకూడదని. ఎండలో నిలబడి కోసేవాడు. వానొస్తే బల్ల మీద పట్టా కప్పి చూరు కింద నిలబడేవాడు.

ఇంత ప్రేమా ఆమెకు ముల్లులా గుచ్చుకునేది.

ఎందుకంటే కిందటిసారి ఇవేవీ లేవు. కిందటిసారి, పెట్టించుకొచ్చిన మర్నాడే, కొట్లోకి ఒక పెళ్ళివారొచ్చారు. భర్త ఎక్కడో కిటికీలు బిగించే పనిలో ఉన్నాడు. అత్త బయటికెళ్తూ "కాస్త కొట్టు చూస్తుండు" అంది. వాళ్ళు మూలనున్న నిలువుటద్దం చూపించమన్నారు. అలవాటైన చేతులు. ఎత్తి గోడకి ఆనించింది. ఆ అద్దంలోనే అత్త గుమ్మంలో నిలబడి ఉండటం చూసింది. అత్త ఏమీ అనలేదు. తర్వాత ఆస్పత్రి నుంచి ఫోనొచ్చి "లేదు" అన్నప్పుడూ ఏమీ అనలేదు. భర్త కూడా అనలేదు. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా ఆ ఇంట్లో ఆ అద్దం మాట ఎత్తినవాళ్ళు లేరు.

అందుకే ఇప్పుడు చెంబు లాక్కున్న ప్రతిసారీ ఆమెకి ఒక మాటే వినబడేది. 'నీ చేతులు మంచివి కావు. ఈసారి నీ చేతికివ్వం.'

ఒక సాయంత్రం ఇంజెక్షనుకి వచ్చిన సూదమ్మ తుంటి తడిమి, నుదురు చిట్లించింది. నూనెమందు దిగక లోపల గడ్డకట్టింది. కాళ్ళు కొయ్యబారాయి. నడుము పట్టేసింది. కడుపు ఉబ్బరం.

"నడవట్లేదా?"

"పడుకునే ఉంటోందమ్మా, కాలు కింద పెట్టనివ్వట్లేదు మేము," అంది అత్త, మెచ్చుకుంటారన్న ధీమాతో.

"పడుకోమని ఎవరు చెప్పారు?"

 భర్త గుమ్మం దగ్గర చేతిలో గుడ్డతో, లేని మరకని తుడుస్తున్నాడు.

"అడిగేది మిమ్మల్నే. డాక్టరమ్మ చెప్పిందా? నేను చెప్పానా? మామూలుగా ఉండమంటే మంచానికి కట్టేశారేంటి పిల్లని?"

 కోడలు ఇక ఆగలేదు. "కిందటిసారి నేను అద్దం ఎత్తానండీ. అందుకే పోయింది. వీళ్ళు చెప్పరు కానీ అందుకే."

గదిలో అద్దాలన్నీ ఒక్కసారి బిగుసుకున్నట్టయింది.

"నువ్వెత్తడమేంటే!" అత్త మంచం పక్కన కూలబడింది. "కొట్టు చూడమని చెప్పిపోయింది ఎవరు? నేను! అరగంటలో వస్తానని పోయి పక్కింటావిడతో కబుర్లేసుకు కూచున్నది ఎవరు? నేను! గుమ్మంలోకొచ్చి నిన్ను చూడగానే నా గుండె జారిపోయింది. నా నోటి మాట వల్ల పోయింది. ఏ మొహం పెట్టుకుని అనను?"

"మీరిద్దరూ ఊరుకోండి," అన్నాడు జాగ్రత్త. గుడ్డ వైపే చూస్తూ అన్నాడు. "స్కూటరు మీద తీసుకొచ్చింది నేను. పాలకేంద్రం దగ్గర గుంతలో దింపాను. ఎగిరిపడింది తను. అప్పుడే అయిపోయింది అంతా. అందుకే ఈసారి ట్రాలీ."

సూదమ్మ ముగ్గురి మొహాలూ వరసగా చూసింది. సూది పక్కన పెట్టింది. పెట్టి, పొట్ట పట్టుకుని నవ్వింది. మూలనున్న పెద్దద్దంలోనూ ఒక సూదమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది.

"బాగుందమ్మా సంబడం! దొంగతనమే జరగని ఇంట్లో ముగ్గురు దొంగలు! ఒకళ్ళని మించి ఒకళ్ళు నేనంటే నేనని చేతులు చాపుతున్నారు."

"జరగలేదా?" అంది కోడలు.

నవ్వు ఆపి సూదమ్మ ఆమె పక్కన కూర్చుంది. "బరువులెత్తొద్దంటాం, నిజమే. ఒళ్ళు అలిసిపోకుండా చెప్పే మాట అది. కానీ అద్దం ఎత్తితే పోయేది కాదు, గుంతలో పడితే జారేది కాదు. కొన్ని గింజలకి లోపలే సత్తువ ఉండదు. ఎంత మంచి మట్టిలో వేసినా మొలవవు. దానికి మట్టి ఏం చేస్తుంది, నీళ్ళు పోసినవాళ్ళు ఏం చేస్తారు? డాక్టరమ్మ కూడా చెప్పిందిగా అప్పుడు."

చెప్పింది. ముగ్గురికీ చెప్పింది. ఎవరికి వాళ్ళు, అది మిగతా ఇద్దరినీ ఓదార్చడానికి చెప్పిన మాట అనుకున్నారు.

"లే. గుమ్మం దాకా నడువు," అంది సూదమ్మ.

లేచింది. కాళ్ళు తిమ్మిరెక్కి కోడిపిల్ల నడకలు నడిచింది. గుమ్మం దగ్గర భర్త రెండు చేతులూ ముందుకు చాపి, ముట్టుకోకుండా, వెనక్కి వెనక్కి నడిచాడు. పెద్ద అద్దాన్ని ఇరుకు గుమ్మంలోంచి తెచ్చేటప్పుడు అతను అలాగే నడుస్తాడు.

*

ఆ తర్వాత ఇంటి గాలి మారింది.

బల్ల అరుగు మీంచి కొట్లోకి వచ్చింది. కోడలే తెమ్మంది. ఆ కీచుమనే చప్పుడు లేకపోతే నిద్ర పట్టడం లేదంది. పొద్దునా సాయంత్రం అత్తాకోడళ్ళు వీధి చివరిదాకా నడిచొచ్చేవాళ్ళు. అత్త ఎప్పుడూ రోడ్డు వైపే నడిచేది. మధ్యాహ్నాలు కోడలు స్టూలు మీద కూర్చుని చిన్న చిన్న పటాల చట్రాలు తుడిచేది, వెనక అట్ట బిగించేది. బరువైనదేదైనా కనబడితే తనే "ఇది నాది కాదు" అని పక్కకి జరిగేది. జరగడంలో సిగ్గు లేదని తెలిసింది. ఆకలైనప్పుడు అడిగి తింది. నిద్రొచ్చినప్పుడు పడుకుంది. ఏడుపొచ్చినప్పుడు, ఒకట్రెండుసార్లు వచ్చింది, వెనక గదిలోకి పోయి ఏడ్చి మొహం కడుక్కుంది. ఇంజెక్షను గడ్డ మీద భర్త రోజూ గోరువెచ్చటి గుడ్డ వేసేవాడు. వేసే ముందు తన మోచేతికి ఆనించి వేడి చూసుకునేవాడు.

ఒకనాడు తలంటుకుని, తడిజుట్టు ఆరబోసుకుంటూ, తెలియకుండానే మూలనున్న నిలువుటద్దం ముందు నిలబడింది. కిందటిసారి ఎత్తింది అదే. ఆ పెళ్ళివారు కొనలేదు, ఇంకా అక్కడే ఉంది. అందులోని మనిషి చిక్కింది. కళ్ళ కింద నీడలు. జబ్బల మీద సూదిపోట్ల మచ్చలు. ఇంతకాలం ఎన్ని మందులు పోసినా కిక్కురుమనకుండా భరించిన ఒళ్ళు. 'దీన్నా నేను ఇన్నాళ్ళూ తిట్టుకుంది?' అనిపించింది. దువ్వెన తెచ్చుకుని, చూసుకుంటూ పాపిడి తీసుకుంది. తిన్నగా వచ్చింది.

వెనకనుంచి అత్త చూసింది. "ఇన్నాళ్ళూ పాపిడి వంకర అని చెబుదామనుకున్నా. అత్త సాధిస్తోందంటావని ఊరుకున్నా," అంది.

"చెప్పాల్సింది అత్తయ్యా. వీధంతా చూసింది."

నిలిచిందీ లేనిదీ తేల్చే రక్తపరీక్ష దాకా ఆగలేనిది అత్త ఒక్కతే. కోడలు తేన్చినా, విసుక్కున్నా, పులుపడిగినా ఆవిడ కళ్ళు మెరిసేవి. సూదమ్మ ముందే హెచ్చరించింది. "ఆ వికారం, ఆ నొప్పులు మందు వల్ల కూడా వస్తాయి. మందు బిడ్డ వేషం కడుతుంది. నమ్మకండి, అలాగని కొట్టిపారెయ్యకండి." అయినా ఒకరోజు అత్త కొంగుచాటున మందుల షాపు పొట్లం తెచ్చింది. ఇంట్లోనే చూసుకునే పరీక్ష.

"ఒక్కసారి చూద్దామే. ఎవరికీ చెప్పొద్దు."

బల్ల దగ్గర అద్దం మీద కొలత పెడుతున్న జాగ్రత్త తలెత్తాడు. "అమ్మా. ఇలా రా."

కోతకలం కిరసనాయిల్లో ముంచి, ఈ చివర నుంచి ఆ చివరకి ఒక్క గీత గీశాడు. "ఇప్పుడు దీని మీదే ఇంకోసారి గియ్యనా?"

"పిచ్చా నీకు? పక్కలకి చీలిపోతుంది."

"అదీ. ఆస్పత్రిలో ఎలాగూ చూస్తారుగా," అన్నాడు.

అత్త పొట్లాన్ని మళ్ళీ కొంగున చుట్టుకుంది. "ఒక్కమాటలో చెప్పి చావొచ్చుగా. అద్దం గీసి చూపిస్తాడు, పంతులు," అని గొణుక్కుంటూ మెట్లెక్కింది.

రక్తపరీక్ష ఇంకా కొన్నాళ్ళుందనగా, ఒక పొద్దున ఆమెకి బట్ట మీద మరక కనిపించింది. చిన్నది. గోధుమరంగుది.  స్నానాలగది గోడ పట్టుకుని నిలబడింది. నిన్న ఏం చేశాను? దేన్ని ఎత్తాను? ఎక్కడ వంగాను? అని మనసు పాత దారినే పరుగు తీయబోయింది. తీయబోయి, ఆగింది. ఆ దారి చివర ఏముందో ఆమెకి తెలుసు. ముగ్గురు దొంగలున్నారక్కడ, దొంగతనం లేదు.

"అత్తయ్యా," అని పిలిచింది.  "మరకైంది. సూదమ్మకి ఫోన్ చెయ్యండి."

సూదమ్మ వచ్చి చూసింది. నొప్పి ఉందా, ఎర్రగా ఎక్కువైందా అని అడిగింది. లేదంది. సూదమ్మ డాక్టరమ్మతో ఫోన్లో మాట్లాడింది. "ఇలా అవుతుంది కొందరికి. మంచికీ కావచ్చు, చెడుకీ కావచ్చు, ఈ మరకని చూసి చెప్పలేం. మందు ఆపొద్దు. ఎర్రగా ఎక్కువైనా, కడుపులో నొప్పొచ్చినా వెంటనే రండి," అంది.

ఆ మధ్యాహ్నం భర్త పనికి పోలేదు. పక్కన స్టూలు మీద కూర్చున్నాడు.   కిందటిసారి ముగ్గురూ మూడు గదుల్లో ఉన్నారు.

"ఉంటే ఉంటుంది. లేకపోతే ఉన్నన్నాళ్ళూ ఉంది," అంది ఆమె. "కిందటిసారిదాన్ని నేను ఒక్కరోజు కూడా తలుచుకుని సంతోషపడలేదండీ. పోయిందని ఏడవడమే. అది కూడా కొన్నాళ్ళు మనింటికొచ్చిందిగా."

జాగ్రత్త తలూపాడు. ఎప్పుడూ అద్దం ఎత్తేముందు తుడుచుకునేట్టు అరచేతులు పంచెకి తుడుచుకుని, ఆమె చెయ్యి అందుకున్నాడు.

మరక మర్నాటికి ఆగింది.

*

పరీక్షకి రక్తం ఇచ్చి ఇంటికి నడిచే వచ్చారు. ఫోనొచ్చేదాకా ఎవరి పనిలో వాళ్ళు పడ్డారు, అంటే పడినట్టు కనబడ్డారు. అత్త కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగింది. కోడలు ఒకే పటానికి అట్ట బిగించి, విప్పి, బిగించింది.

వడ్రంగి తన షాపు తలుపుకి చేయించుకున్న పెద్దద్దం తీసుకెళ్ళడానికి వచ్చాడు. అటొకరు ఇటొకరు పట్టుకుని లేపారు. నిలువెత్తు అద్దం. సరిగ్గా గుమ్మం మధ్యకి వచ్చేసరికి జాగ్రత్త చొక్కాజేబులో ఫోను మోగింది.

అద్దం పట్టుకున్నవాడు నడిమధ్యలో ఆగకూడదు. చెయ్యి వదలకూడదు. అతను ఆగిపోయాడు. చెయ్యి వదల్లేడు, ముందుకు నడవలేడు. అద్దానికి అటువైపు వడ్రంగి, "ఏమైంది జాగ్రత్తా? జరుగు! చేతులు లాగేస్తున్నాయి," అంటున్నాడు.

అత్త సబ్బుచేతులతో పరిగెత్తుకొచ్చింది. "నా చెయ్యి తడి. నువ్వు తియ్యవే!"

కోడలు భర్త జేబులో చెయ్యి పెట్టి ఫోను తీసింది. అతని గుండె అక్కడే ఉంది, ఫోను కంటే గట్టిగా కొట్టుకుంటోంది.

"సూదమ్మని," అంది అవతలి గొంతు. "తల్లీ, ఆవగింజ పట్టుకుంది. అంకె బాగుంది. ఎల్లుండి మళ్ళీ రక్తం ఇవ్వాలి, ఇంకా పెరగాలి అది. మందులు ఆపకు. వింటున్నావా?"

వింటోంది. ఆవిడకి కనబడుతున్నట్టు తలూపింది. తర్వాత భర్త వైపు తిరిగి, మళ్ళీ అదే తలూపుడు.

జాగ్రత్త కళ్ళలోంచి నీళ్ళు బుగ్గల మీదికి, గడ్డం మీదికి జారాయి. తుడుచుకోవడానికి చేతుల్లేవు. అత్త కొంగుతో తుడిచింది. చిన్నప్పటిలాగే ముక్కు కూడా కలిపి తుడిచింది. అద్దానికి అటునుంచి అంతా చూస్తున్న వడ్రంగికి ఏమీ అర్థం కాలేదు.

"ఎవరైనా పోయారా?"

"నీ నోరు పడ! వచ్చారు," అంది అత్త.

"జాగ్రత్త," అన్నాడు జాగ్రత్త.  ఇద్దరూ ఒక్కో అడుగూ వేసి, అద్దాన్ని తీసుకెళ్ళి ట్రాలీ చట్రానికి ఆనించారు. నిలువుగానే.

కోడలు ఇంకా గుమ్మంలోనే ఉంది. ఎల్లుండి ఒక గండం, ఆ తర్వాత ఇంకొకటి. ఆ సంగతి ఆమెకి తెలుసు. అయినా ఈ పూట ఈ పూటే. సబ్బునురగ కారుతున్న చేతులతో నిలబడ్డ ముసలావిడని, రోడ్డు మీద పట్టీ ముడి తప్పుగా వేసి విప్పుకుంటున్న మొగుణ్ణి చూసింది. వీళ్ళ రుణం ఎలా తీర్చుకోవాలో తెలియక, అంతకంటే తేలికైన మాట అడిగింది.

"అత్తయ్యా, ఇంతకీ ఇవాళ నేను పడుకోవాలా, నిలబడాలా?"

 అత్త తీర్పు చెప్పబోయేదానిలా గొంతు సవరించుకుంది.

"నీ ఒళ్ళు నీకు చెప్పదూ? నన్నడుగుతావేం," అంది. అని, ఆమె కంటే ముందే వెళ్ళి స్టూలు జరిపింది.